బేలుం గుహలను దర్యాఫ్త్ చేసిందెవరు?

పోటీ పరీక్షల పుస్తకాల్లో ఒక సవాల్ తరచూ కనిపిస్తుంది. బేలుం గుహలను కనిపెట్టినది ఎవరు? జవాబు: రాబర్ట్ బ్రూస్ ఫుట్, 1884. ఒక మార్కు. మా ఇంట్లో పిల్లలు కూడా ఇదే బట్టీ పట్టారు. నేను వాళ్లను అడిగేది ఒక్కటే. ఊరి పేరే బేలుం. బేలుం అంటే బిలం, నేలలో బొక్క. ఫుట్ దొర గుర్రం దిగి "ఇక్కడో బిలం ఉంది" అని చెప్పేదాకా ఆ ఊరివాళ్లు తమ ఊరిని ఏమని పిలుచుకున్నట్టు?

నేను పదో తరగతి దాకా ఉర్దూ మీడియం. మా జుగ్రాఫియా పుస్తకంలో కనిపెట్టడానికి దర్యాఫ్త్ అనే మాట వాడేవారు. కొలంబస్ అమెరికాను దర్యాఫ్త్ చేశాడు, ఇంకొకాయన ఇంకో దీవిని దర్యాఫ్త్ చేశాడు. ఇంట్లో మాత్రం ఆ మాటకు ఇంత దర్జా లేదు. "మామూ ఏ బస్సుకొస్తున్నారో దర్యాఫ్త్ కర్‌కే ఆవ్" అని అమ్మీ పంపితే, వీధి చివర ఫోనున్న ఇంటికి వెళ్లి కనుక్కుని రావడమే దర్యాఫ్త్. డిగ్రీలో తెలుగు తీసుకుని, తర్వాత పేపర్లో క్రైమ్ వార్తలు రాసే పనిలో పడ్డాక అదే మాట ఖాకీ బట్టలేసుకుని ఎదురొచ్చింది. "పోలీసులు కేసు నమోదు చేసి దర్యాప్తు చేస్తున్నారు." ఆ ముక్క ఎన్ని వందలసార్లు రాశానో అల్లాకే తెలియాలి. ఒకే ఫార్సీ మాట. అడగడం, ఆరా తీయడం, కనుగొనడం మూడూ దానిలో ఉన్నాయి. ఆ మాటకొస్తే మన తెలుగు "కనుక్కోవడం" కూడా అంతే. వెళ్లి కనుక్కో అంటే ముందు ఎవరినో అడగాలి.

నంద్యాల, కడప జిల్లాల సున్నపురాయి సీమలో గుహల తారీఖ్ చదివినప్పుడల్లా నాకు ఈ మాటే గుర్తొస్తుంది. అడిగినవాడి పేరు బోర్డు మీద ఉంది. జవాబు చెప్పినవాడి పేరు ఎక్కడా లేదు.

బేతంచెర్ల, బనగానపల్లె, కొలిమిగుండ్ల, తాడిపత్రి, జమ్మలమడుగు. ఈ ఊళ్లను కలుపుతూ ఒక గీత గీస్తే అదంతా దాదాపు ఒకే రాయి. కోట్ల ఏళ్ల కిందట సముద్రం అడుగున పొర మీద పొరగా పేరుకున్న సున్నపు బురద గట్టిపడి బండ అయింది. భూగర్భ శాస్త్రజ్ఞులు దీనికి కడప జిల్లాలోని నార్జి ఊరి పేరు పెట్టారు, నార్జి సున్నపురాయి అంటారు. జనం నాపరాయి అంటారు. సమ్మెటకు ఎదురు నిలిచే ఈ రాయి నీటికి మాత్రం లొంగుతుంది. వాన చుక్క గాలిలోంచీ మట్టిలోంచీ కార్బన్ డయాక్సైడ్‌ను (తెలుగు మీడియం పిల్లలు బొగ్గుపులుసు వాయువని చదువుకున్నదే) కలుపుకుని కొంచెం పుల్లనవుతుంది. ఆ పులుపు నెర్రెలో దిగి రాతిని కరిగిస్తుంది. నెర్రె సందవుతుంది, సందు దారవుతుంది, దారి గదవుతుంది. నీళ్లు వదిలేసి వెళ్లిన ఆ గదే గుహ. మనం గార్ అంటాం, ఈ సీమ రైతులు గవి అంటారు.

బేలుంలో కొండ లేదు, గుట్ట లేదు. అది తెలియకుండా వెళ్లినవాళ్లు తెల్లబోతారు. చదునైన పొలాల మధ్య బావుల్లాంటి గోతులుంటాయి. వాటిలో నడిమిదే ఇప్పుడు ద్వారం. మెట్లు దిగి వెళితే కింద మొత్తం 3,229 మీటర్ల దారులు. మేఘాలయ గుహలు ఇంతకన్నా చాలా పొడుగు, కానీ మైదాన ప్రాంతంలో జనం తిరగగలిగే గుహల్లో దేశంలో ఇదే పెద్దది. మనల్ని నడవనిచ్చేది ఒకటిన్నర కిలోమీటరు దాకా. అన్నిటికన్నా లోతైన చోటు పాతాళగంగ, నేలమట్టానికి 46 మీటర్ల కింద. అక్కడ ఎప్పుడూ సన్నని నీటి ధార కనిపించి రాతిలోకి మాయమవుతుంది. లోపల ఉక్కపోత ఎక్కువ. గొట్టాలతో గాలి పంపినా చొక్కా తడిసి ముద్దవుతుంది. ఇంట్లో బుజుర్గులను తీసుకెళ్లేవాళ్లు ఈ సంగతి ముందే తెలుసుకోవడం మంచిది.

ఒకప్పుడు ఈ గుహల్లో జైన, బౌద్ధ సన్యాసులు ఉన్నారని చెబుతారు. వేల ఏళ్ల నాటి కుండలూ దొరికాయి. అంటే 1884కు ముందు ఇక్కడ దీపం పెట్టుకుని కూర్చున్నవాళ్లు చాలామందే. ఆ తర్వాత జరిగిందేమిటంటే దాదాపు వందేళ్లు హుకూమత్ ఈ గుహల వైపు తిరిగి చూడలేదు. 1982, 83లలో డేనియల్ గెబావర్ అనే జర్మన్ గుహాన్వేషి తన బృందంతో వచ్చి లోపలి దారులన్నీ కొలిచి పటం గీశాడు. 1985లో రాష్ట్ర ప్రభుత్వం రక్షిత స్థలమని ప్రకటించింది. అయినా 1988 దాకా చుట్టుపక్కల చెత్త పోయడానికి గుహలే వాడుకున్నారు. దాన్ని శుభ్రం చేయించి, పర్యాటక శాఖ చెవిలో ఇల్లు కట్టుకుని పోరినవాళ్లలో ఒకరు స్థానికుడైన రిటైర్డ్ డీఎస్పీ. ఉద్యోగమంతా దర్యాప్తులు చేసిన మనిషి ఆఖరికి ఈ దర్యాఫ్త్ కూడా చేశారన్నమాట. 1999లో పనులు మొదలై 2002 ఫిబ్రవరిలో తలుపు తెరిచారు. బోర్డు మీద మాత్రం 1884 అనే ఉంది.

ఫుట్‌కు నలభై ఏళ్ల ముందు ఇంకొక దొర ఉన్నాడు. ఆయన కథ మన కర్నూలు నవాబుల కథతో ముడిపడింది. అందుకే దాన్ని కొంచెం వివరంగా చెబుతాను.

1839లో కర్నూలు ఆఖరి నవాబు గులాం రసూల్ ఖాన్ మీద కంపెనీ ఫౌజు వచ్చింది. ఖిలాలో ఆయుధాలు కూడబెట్టాడన్నది ఇల్జామ్. ఆ అక్టోబరులో జొహరాపురం దగ్గర జంగ్ జరిగింది, నవాబు ఓడాడు. తిరుచిరాపల్లికి ఖైదీగా పంపారు. మరుసటి ఏడాది అక్కడే ఒక మనిషి చేతిలో కత్ల్ అయ్యాడు. కర్నూలు కంపెనీ ఖాతాలోకి పోయింది. ఆ ఖాతా చూడ్డానికి వచ్చిన ఉద్యోగుల్లో కెప్టెన్ థామస్ జాన్ న్యూబోల్డ్ ఒకడు. మద్రాసు సైన్యం మనిషి, రాళ్ల పిచ్చి. 1844లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో ఆయన ఒక వ్యాసం వేశాడు. బేతంచెర్ల దగ్గర బిళ్ళ సుర్గం అనే గుహల్లో మట్టి తవ్వితే జంతువుల ఎముకలు దొరికాయన్నది దాని సారాంశం. మన దేశపు గుహల్లో పాతకాలపు ఎముకల కోసం జరిగిన తొలి తవ్వకాల్లో అదొకటి.

నవాబు పోయిన ఐదేళ్లకే ఈ వ్యాసం రావడం ఇత్తెఫాక్ కాదు. రాజ్యం చేతికొచ్చాక దానిలో ఏముందో లెక్క రాసుకుంటారు. ఎన్ని ఊళ్లు, ఎంత శిస్తు, ఏ రాయి, ఏ గుహ. అయినా న్యూబోల్డ్ మీద నాకు కోపం లేదు. ఆయన 1830లో హిందుస్తానీ పరీక్ష, 1831లో ఫార్సీ పరీక్ష పాసైన మనిషి. దర్యాఫ్త్ అంటే ఏమిటో ఆయనకు మనకన్నా బాగా తెలుసు. బిళ్ళ సుర్గం పేరు ఆయన సృష్టించింది కాదు. ఊరివాళ్లు చెబితే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. ఎవరో ఒక కాపరి, ఒక వెట్టి మనిషి, ఒక బంట్రోతు దారి చూపించి ఉంటాడు. ఎవరో గడ్డపార పట్టి తవ్వి ఉంటారు. వాళ్లలో ఒక్క పేరూ మన చేతికి రాలేదు. ఉర్దూలో తారీఖ్ అంటే చరిత్ర. తెలుగులో తారీఖు అంటే రోజు. తారీఖు వేసి రాసినవాడికే తారీఖ్‌లో చోటు దొరికింది.

ఇక ఫుట్. ఆయన చిన్న మనిషి కాదు. 1863లో మద్రాసు పక్కన పల్లావరంలో పాత రాతియుగపు పనిముట్టును గుర్తుపట్టి, మన నేల మీద మానవుడు ఎంత పాతవాడో మొదటిసారి సబూత్ చూపించాడు. భారత చరిత్రపూర్వ యుగ పరిశోధనకు బాబా అని ఆయనను అంటే ఒప్పుకోవాల్సిందే. 1884లో మద్రాసు గవర్నరు గ్రాంట్ డఫ్ ఈ గుహలను మళ్లీ తవ్వించాలనుకున్నప్పుడు ఆ పని ఫుట్‌కు అప్పగించారు. ఆయనకు తీరిక చాలక, సైన్యంలో లెఫ్టినెంట్‌గా ఉన్న కొడుకు హెన్రీ తవ్వకం కొనసాగించాడు. గంపలకొద్దీ ఎముకలు. వాటిని చదివిన లిడెక్కర్ 1886లో ఒక ఖడ్గమృగానికి లాటిన్ పద్ధతిలో కర్నూలు పేరే పెట్టాడు, రైనోసెరస్ కర్నూలియెన్సిస్ అని. ఎండకు నేల నెర్రెలిచ్చే బేతంచెర్లలో ఖడ్గమృగం తిరిగిందంటే మొదటిసారి చదివినప్పుడు నేను ఆ పేజీ రెండుసార్లు తిరగేశాను.

ఫుట్ ఆ గుహలకు పెట్టిన పేర్లు చూడండి. ఎముకలు ఎక్కువ దొరికినదానికి చార్నెల్ హౌస్ అన్నాడు, అంటే వాళ్ల చర్చీల్లో పాత ఎముకలు భద్రపరిచే గది. ఎత్తైన కప్పు ఉన్నది కెథెడ్రల్, పెద్ద గిర్జా. ఇంకొకటి పర్గెటరీ. అది జన్నత్‌కూ జహన్నుమ్‌కూ మధ్య వాళ్లు నమ్మే చోటు. ఆరాఫ్ లాంటిదని మన ఇళ్లలో అర్థం చేసుకోవచ్చు. తమాషా ఏమిటంటే ఊరివాళ్లు చెప్పే పేరులో అప్పటికే స్వర్గం ఉందంటారు. బిలస్వర్గమే నలిగి బిళ్ళ సుర్గమైందని ఒక మాట. నా ఉర్దూ చెవికి మాత్రం అందులో సురంగ్ వినిపిస్తుంది. ఏదైనా కానివ్వండి, జనం స్వర్గమన్నదాన్ని దొర సగం దారిలో ఆపేశాడు. శాస్త్ర గ్రంథాల్లో నిలిచింది దొర పేర్లే.

దీనికి ఉల్టా ఇంకో గుహ ఉంది. బేతంచెర్ల దగ్గరి ముచ్చట్లలో 1970లలో ఎం.ఎల్.కె. మూర్తి గారు తవ్విన గుహ. ఆయన దానికి కొత్త పేరు పెట్టలేదు. ఊరివాళ్లు ఏమన్నారో అదే రాశారు: ముచ్చట్ల చింతమాను గవి. ఎముకతో చేసిన పనిముట్లు, రాతి పనిముట్లు, నిప్పు మంటల ఆనవాలు ఆ గవిలో దొరికాయి. ఆ పొయ్యి వయసు సుమారు 17 వేల ఏళ్లని తేలింది. ఇవాళ ప్రపంచంలో ఏ మూల రాతియుగం గురించి రాసేవాడైనా కర్నూలు గుహల దగ్గరికొచ్చేసరికి ఈ పొడుగాటి తెలుగు పేరును కిందా మీదా పడి ఇంగ్లీషులో రాసుకోవాల్సిందే. ఆ చింతమాను ఉందో పోయిందో, దాని కింద కూర్చుని గవికి గుర్తుగా ఆ చెట్టును చెప్పుకున్న జనం మాట మాత్రం నిలిచింది. ఒక పరిశోధకుడు పేరు అడిగి రాసుకోవడానికి ఎంత శ్రమ? రెండు నిమిషాలు.

ఇదే సీమలో, యాగంటికి దగ్గరలో, జ్వాలాపురం ఉంది. అక్కడ నేల పొరల మధ్య తెల్లని బూడిద. సుమారు 74 వేల ఏళ్ల కిందట సుమత్రా దీవిలో టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు గాలిలో ఎగిరివచ్చి పడ్డ బూడిద అది. 2007లో పెట్రాగ్లియా, రవి కొరిశెట్టర్ల బృందం ఆ బూడిద పొర కిందా పైనా కూడా రాతి పనిముట్లు దొరికాయని ప్రకటించింది. ఆకాశం బూడిదతో నిండిపోయిన ఆ ఖయామత్‌కు ముందూ మనుషులున్నారు, తర్వాతా ఉన్నారు. వాళ్లు అచ్చం మనలాంటి మనుషులేనా అన్న దాని మీద బహస్ ఇంకా నడుస్తూనే ఉంది. శాస్త్రజ్ఞులు రాకముందు ఊరివాళ్లు ఏం చేశారు? ఆ బూడిదను తవ్వి అమ్ముకున్నారు, గిన్నెలు తోముకునే పొడికి. తవ్విన ఆ గోతుల గోడల్లోనే పొరలు తేటగా కనిపించాయి.

బనగానపల్లె దాటకుండా రవ్వలకొండ మాట చెప్పాలి. కర్నూలు పోయినా బనగానపల్లె 1948 దాకా నవాబుల సంస్థానంగానే నిలిచింది. ఊరి పక్క కొండకు రవ్వలకొండ అని పేరు. ఇక్కడి సున్నపురాయికి అడుగున గులకరాళ్లు అతుక్కుపోయిన ఒక పొర ఉంది. పూర్వం దాన్ని తవ్వి వజ్రాలు తీసేవారు. ఆ పొరకు శాస్త్రంలో కూడా బనగానపల్లె అనే పేరు. రవ్వలు ఉన్నాయని కొండ పేరే చెబుతుంటే వేరే సర్వే ఎందుకు? ఈ కొండ గుహలోనే పోతులూరి వీరబ్రహ్మం గారు కాలజ్ఞానం రాశారని నమ్మకం. ఆయన శిష్యుల్లో అందరికన్నా పేరున్నవాడు దూదేకుల సిద్దయ్య, ఒక పీరు సాహెబు కొడుకు. మన ఇళ్లలో ఈ కథ తక్కువ చెబుతాం, దూదేకుల ఇళ్లలో బాగా తెలుసు. దాన్ని ఎవరు ఎట్లా అర్థం చేసుకుంటారో నేను చెప్పబోవడం లేదు. ఈ గుహలు పరీక్షల పుస్తకాల్లోకి ఎక్కకముందే ఈ సీమ జనం మాటల్లో ఉన్నాయని మాత్రం అంటాను.

గండికోట గురించి అందరూ రాస్తున్నారు కాబట్టి నేను తొందరగా దాటేస్తాను. పెన్నా నది ఎర్రమల కొండలను నిలువునా కోసుకుంటూ పోయిన చోటును గండి అన్నారు, ఉర్దూలో దర్రా. దాని అంచున కోట కట్టారు. అక్కడి రాయి సున్నపురాయి కాదు, ఇసుకరాయి గట్టిపడి అయిన క్వార్ట్‌జైట్. అది కరగదు, అందుకే గోడలు అంత నిటారుగా నిలిచాయి. పెమ్మసాని నాయకుల చేతిలోని ఈ ఖిలాను 1650లో గోల్కొండ వజీరు మీర్ జుమ్లా పట్టుకున్నాడు. రెండేళ్లకు టావెర్నియే అనే ఫ్రెంచి వ్యాపారి ఆయనను కలుసుకోవడానికి ఇక్కడిదాకా ఎక్కొచ్చాడు, ఆ ఇరుకు దారి గురించి రాశాడు. కోటలో మాధవరాయ ఆలయం, జామియా మసీదు ఒకదానికొకటి కనిపించే దూరంలో ఉన్నాయి. నాయకుడూ పోయాడు, వజీరూ పోయాడు. కోటను ఇప్పటికీ పిలిచేది మాత్రం గండి పేరుతోనే.

నాకు ఈ తారీఖ్‌లో అన్నిటికన్నా ముఖ్యం అనిపించేది మన కాళ్ల కింద ఉంది. నాపరాయికి ఒక గుణం ఉంది, పొరలు పొరలుగా చీలుతుంది. ఉలి పెట్టి పొర పట్టుకుంటే బల్లలాగా లేచొస్తుంది. అదే బేతంచెర్ల బండ. నల్లదైతే కడప రాయి. హైదరాబాదులో ఇట్లాంటి బండను షాబాదు అంటారు, అది కర్ణాటకలోని షాబాద్ ఊరి పేరు, రాయి వేరు, పని ఒకటే. కోయిలకుంట్ల వైపు మా నానీ ఇంట్లో నేల నాపరాయి, గోడ నాపరాయి, మిద్దె కప్పు నాపరాయి, దొడ్డి చుట్టూ నిలబెట్టిన కంచె నాపరాయి. గోడకు కొట్టిన సున్నం కూడా అదే రాయి కాల్చింది. మసీదు సెహన్‌లో ఎండాకాలం జొహర్ నమాజుకు అరికాళ్లు కాలేది ఆ బండల మీదే. అబ్బా మర్హూమ్‌ను దింపాక లహద్ మీద ఒకటొకటిగా పేర్చిన బండలూ అవే. వాటి మీదే మేం మూడేసి పిడికిళ్ల మట్టి వేశాం.

ఈ బండలు తీసే మజ్దూర్లలో దూదేకులవాళ్లూ, మనవాళ్లూ, బోయలూ, మాలమాదిగలూ అందరూ ఉన్నారు. చదువు తక్కువ, రాయి చదవడం ఎక్కువ. వాళ్ల తవ్వకం ఒక పక్క, సిమెంటు కోసం కంపెనీల తవ్వకం ఇంకో పక్క. సున్నపురాయి లేకుండా సిమెంటు లేదు, సిమెంటు లేకుండా మన ఇల్లు లేదు. తవ్వకం మొత్తం ఆపేయమనడానికి నాకు మొహం చెల్లదు. కానీ గుహ అంటే రాతిలో ఖాళీ. రాయి పోతే ఖాళీ కూడా పోతుంది. బేలుం బతికింది ఎవరో పోరితే. బేతంచెర్ల చుట్టూ ఎన్ని గవులు మిగిలాయో, ఎన్ని క్రషర్‌లో పడ్డాయో ఆ గనుల్లో చెమటోడ్చినవాళ్లను అడిగితేనే తెలుస్తుంది. నేను అడగడం మొదలుపెట్టాను.

కొలిమిగుండ్ల వైపు ముప్పయ్యేళ్లు గనిలో పనిచేసిన ఒక పెద్దాయన, దూదేకులవారు, ఇంటి ముందు అరుగు మీద కూర్చుని చెప్పారు. కింద ఖాళీ ఉందని ముందే ఎట్లా తెలుస్తుంది చాచా అని అడిగాను.

"గడ్డపార ఎత్తేస్తే సప్పుడు మారతాది నాయనా. గట్టి బండైతే కణ్ అంటాది. గుల్లుంటే దొబ్బుమంటాది. పొద్దన్నైతే నెర్రెలోంచి గాలి కూడా కొడతాది, సల్లగా."

"అట్లాంటివి ఎన్ని చూసుంటారు?"

"లెక్క ఎవురు పెట్టినారు? ఒగటి మాత్రం శానా పెద్దది ఉన్నింది. తాడుకు లాంతరు కట్టి దించితిమి. అడుగు కనపడల్యా. ఎద్దులు పడతాయని మేస్త్రీ మట్టి తోలిచ్చి పూడ్పిచ్చె."

దానికి ఏమైనా పేరుండేదా అని అడిగాను.

"పేరా? లాంతరు గవి అంటాంటిమి మేము."

చోటు ఎక్కడో ఆనవాళ్లు చెప్పారు. పక్కన చెరువు కట్ట, రెండు వేపచెట్లు, పాత కంకర మిల్లు. నోట్‌బుక్‌లో ఒక పేజీ తీసి పైన తారీఖు వేసి, కింద ఆయన పేరు, గవి పేరు రాసుకున్నాను.